హంపిలో విడిది ఎక్కడ?

విజయనగర సభలో వెలసిన మనుచరిత్రలో ప్రవరుడు చేసిన పొరపాటు ఏమని తరగతిలో అడిగితే, సిద్ధుడిచ్చిన పసరును నమ్మడమని కొందరు పిల్లలు, వరూథినిని దారి అడగడమని కొందరు చెబుతారు. నాలుగూళ్లు తిరిగివచ్చిన ఉపాధ్యాయునికి మాత్రం మూడవ సమాధానం ఒకటి తోచకపోదు. ఇట్టే పోయి అట్టే ఇల్లు చేరవచ్చునని తలచిన ప్రవరుడు, ఒకవేళ తిరిగి రాలేకపోతే తలదాచుకొనే తావు ఎక్కడో విచారించుకోకుండానే హిమాలయానికి బయలుదేరాడు. ఎండకు కరిగిన మంచునీరు కాలిపసరును కడిగివేసింది. ఆ తరువాతి కథ అంతా తెలుగువారెరిగినదే.

పెద్దనామాత్యుడు తిరుగాడిన ఆ నగరాన్నే చూడబోయేవారిలో చాలామంది ఈనాటికీ ప్రవరుని దారినే పోతున్నారు. గుంతకల్లు మీదుగా రైలులో వచ్చి హొసపేటలో దిగుతారు. బండి మాట్లాడుకొని హంపి చేరేసరికి ఎండ ముదురుతుంది. విరూపాక్షాలయం, విఠలాలయంలోని రాతిరథం, కమలమహలు, గజశాల ఒకదాని వెంట ఒకటి చూచి, రాళ్ల వేడికి సొమ్మసిల్లి, సాయంకాలానికి తిరుగు రైలు అందుకొంటారు. పాఠశాలల విహారయాత్ర బస్సులైతే ఒక్క పగటిలోనే హంపిని, తుంగభద్ర ఆనకట్టను ముగించుకొని మరొక ఊరికి సాగిపోతాయి. ఇల్లు చేరిన పిల్లవానిని హంపిలో ఏమున్నదిరా అని తాతగారు అడిగితే, రాళ్లున్నవి అంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. నడిమధ్యాహ్నం ఆ నగరం చూపేది రాళ్లనే. ఆ రాళ్లకు రంగు, నీడ, లోతు వచ్చి అవి ఒక రాజధానిగా కనబడేది తెల్లవారే వేళ, పొద్దు వాలే వేళ. ఆ రెండు వేళలలో యాత్రికుడు ఎక్కడున్నాడో దానినిబట్టే అతని యాత్రాఫలం ఉంటుంది. కనుక ఏమేమి చూడాలన్న పట్టిక వేసుకోవడానికి ముందే, రాత్రి ఎక్కడ పడుకోవాలన్న సంగతి తేల్చుకోవడం మంచిది.

ఈ ప్రశ్నకు ఒక్కటే జవాబు లేకపోవడానికి కారణం ఆ నగరం పరపు. 1986లో యునెస్కోవారి ప్రపంచ వారసత్వ పట్టికలో చేరిన హంపి కట్టడాల సముదాయం దాదాపు 42 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొని ఉన్నది. గుళ్లు, కోటగోడలు, మండపాలు, కాలువలు, కోనేళ్లు మొదలైన అవశేషాలు 1,600కు పైగా నిలిచి ఉన్నాయి. 1565 నాటి యుద్ధం తరువాత పాడుపడిన ఆ మహానగరం ఒకే ఊరుగా మిగలలేదు. దాని చెరగులలో ఊళ్లు వేరువేరుగా నిలిచాయి. నైరుతి దిక్కున హొసపేట, దక్షిణాన కమలాపురం, తుంగభద్ర ఒడ్డున హంపి గ్రామం, ఏటికి ఆవల ఆనెగొంది. యాత్రికుని విడిది ఈ నాలుగింటిలో ఎక్కడో ఒకచోట పడవలసిందే. ఒక్కొక్కచోటినుంచి చూస్తే విజయనగరం ఒక్కొక్క విధంగా కనబడుతుంది.

రాయబారి విడిది, కవి బస

ప్రయాణికుడు ఆగే తావుకు తెలుగులో పేర్లు చాలా ఉన్నాయి. పెండ్లివారికీ, గౌరవించదగిన అతిథులకూ గృహస్థు ఏర్పరచేది విడిది. బాటసారి తానై వెదకుకొనేది బస. దూరప్రయాణంలో ఒక రాత్రికి దిగేది మజిలీ. పుణ్యం కోరి కట్టించినది సత్రం. డబ్బు చెల్లించి భోజనం చేసేది పూటకూళ్ల ఇల్లు. ఓరుగల్లులో అటువంటి ఇంటి భోజనాన్ని క్రీడాభిరామం నోరూరేటట్లు వర్ణించింది. ఈ మాటలలో వసతి తారతమ్యం ఒక్కటే లేదు. వచ్చినవానికీ ఆ ఊరికీ గల సంబంధం ఎటువంటిదో కూడా ఉన్నది.

1443లో హెరాతు నుంచి షారుఖ్ సుల్తాను రాయబారిగా విజయనగరానికి వచ్చిన అబ్దుర్ రజాకుకు దొరికినది అసలైన విడిది. రెండవ దేవరాయలు అతనికి మంచి భవనం ఇప్పించాడు. దినవెచ్చంగా రెండు పొట్టేళ్లు, నాలుగు జతల కోళ్లు, ఐదు మణుగుల బియ్యం, ఒక మణుగు వెన్న, ఒక మణుగు చక్కెర, రెండు బంగారు వరహాలు ముట్టేవని ఆ రాయబారియే వ్రాసుకొన్నాడు. వారానికి రెండు మార్లు సాయంవేళ కొలువుకు పిలుపు వచ్చేది. అలా నెలల తరబడి నగరంలో నిలిచినందువల్లనే ఏడు ప్రాకారాల అమరిక, అంగళ్ల వరుసలు, మహానవమి ఉత్సవాల వైభవం అతని గ్రంథంలోకి ఎక్కాయి.

ప్రౌఢదేవరాయలని ప్రసిద్ధుడైన ఆ రాజు కాలంలోనే అక్కడికి పోయిన శ్రీనాథునికి అంత సుఖంగా జరిగినట్లు లేదు. ఆ మహాకవిదిగా లోకంలో వాడుకైన చాటుపద్యం ఒకటి కన్నడ రాజ్యలక్ష్మితో మొరపెట్టుకొంటుంది. తలకు కుళ్లాయి పెట్టవలసి వచ్చిందట, వెల్లుల్లీ నువ్వులపిండీ మెసవవలసి వచ్చిందట, అంబలి త్రాగవలసి వచ్చిందట. ఇంకనైనా దయ రాదా తల్లీ అని ఆయన వేడుకోలు. డిండిమభట్టును ఓడించి కనకాభిషేకం పొందిన ఘట్టాన్ని గర్వంగా చెప్పుకొనే తెలుగు విద్యార్థి, ఆ గౌరవానికి ముందు పరాయి ఊరి బసలో తిండి సరిపడక అవస్థపడిన మనిషిని కూడా తలచుకోవాలి. బస బాగులేదని కవిసార్వభౌముడు మరునాడే మూట కట్టలేదు. వచ్చిన పని నెరవేరేదాకా నిలిచాడు. యాత్రికునికి విడిది ఎంత ముఖ్యమో, ఓర్పు కూడా అంత ముఖ్యమని ఈ కథ చెబుతుంది.

కొత్త పేట

హొసపేట అనే కన్నడ మాటకు కొత్త పేట అని అర్థం. ఐదు వందల ఏళ్లు గడిచినా అది కొత్త పేటగానే ఉండిపోయింది. కృష్ణదేవరాయలు కట్టించిన నాగలాపురం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూడవచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పాయెస్, అతని బృందం రాయల దర్శనం చేసుకొన్నది ఆ కొత్త ఊరిలోనే. బృందానికి మంచి ఇళ్లు ఇచ్చారని, రాయలు పొట్టేళ్లు, కోళ్లు, కుండల కొద్దీ వెన్న, తేనె పంపించాడని, బృంద నాయకుడు వాటిని తన వెంట వచ్చిన కాలిబంట్లకు పంచిపెట్టాడని పాయెస్ వ్రాశాడు. అక్కడినుంచి రాజధాని దాకా దారి పొడవునా ఇళ్లు, అంగళ్లు ఉండేవనీ, బాటసారుల నీడకోసం రాయలు చెట్లు నాటించాడనీ అతడే చెప్పాడు.

కనుక హొసపేటలో దిగినవారు నగరానికి దూరంగా పడ్డామని చిన్నబుచ్చుకోనక్కరలేదు. వారు పాయెస్ మొదట నిలిచిన ఊరిలోనే నిలిచారు. అక్కడినుంచి హంపికి సుమారు 13 కిలోమీటర్లు. ఆ దారిలో నిద్రపోకుండా అనంతశయనగుడి వద్ద ఆగితే, 1524లో కృష్ణరాయలు కట్టించిన పెద్ద ఆలయం కనబడుతుంది. ఊరిలో రైలు నిలయం ఉన్నది, ఆసుపత్రి ఉన్నది, అన్ని తాహతులవారికీ తగిన హోటళ్లున్నాయి, తెలుగు మాట వినబడే అంగళ్లున్నాయి. నలభైమంది పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన ఉపాధ్యాయునికి ఇవేవీ చిన్న సంగతులు కావు. అర్ధరాత్రి ఒక పిల్లవానికి జ్వరం తగిలితే మందు దొరికే ఊరే మంచి ఊరు.

హొసపేట దగ్గరనే తుంగభద్ర ఆనకట్ట ఉన్నది. హైదరాబాదు, మద్రాసు ప్రభుత్వాలు కలిసి 1945లో మొదలుపెట్టిన ఈ ఆనకట్టనుంచి 1953లో కాలువలకు నీరు వదిలారు. రాయలసీమ పొలాలు నేటికీ ఆ నీటికై ఎదురుచూస్తాయి. అదే 1953లో అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు రాగా, హొసపేటతో సహా మిగిలినవి మైసూరులో చేరాయి. అంతకు ముందు అనంతపురం వాడు హంపికి పోయినా రాష్ట్రం దాటి పోయినట్లు కాదు. 2021లో హొసపేట కేంద్రంగా కర్ణాటకలో కొత్త జిల్లా ఏర్పడింది. దానికి పెట్టిన పేరు విజయనగరం.

ఈ విడిదికి ఉన్న లోపం ఒక్కటే. మాతంగపర్వతం మీద సూర్యోదయం చూడదలచినవారు చీకట్లోనే లేచి 13 కిలోమీటర్లు పోవలసి ఉంటుంది. పిల్లలు లేవరు, లేచినా బండి రాదు, బండి వచ్చేసరికి సూర్యుడు కొండ ఎక్కి కూర్చుంటాడు.

కమలాపురపు చెరువు గట్టు

హంపి గ్రామానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న కమలాపురం చిన్న ఊరు. విజయనగర కాలపు పెద్ద చెరువు దానికి అలంకారం. రాజప్రాసాదాల ఆవరణ ఇక్కడికి కాలినడక దూరం. మహానవమి దిబ్బ, హజారరామాలయం, కమలమహలు, గజశాల ఈ వైపునే ఉన్నాయి. నల్లరాతి మెట్లతో లెక్క కట్టినట్లు అమరిన కోనేరు కూడా ఇక్కడిదే. అది 1980 తరువాతి త్రవ్వకాలలోగాని బయటపడలేదు.

పురావస్తుశాఖ వారి ప్రదర్శనశాల ఈ ఊరిలోనే ఉన్నది. కొండలు, ఏరు, కోటగోడలు, గుళ్లు అన్నీ ఒకచోట కనబడేటట్లు నగరమంతటికీ నమూనా కట్టి అందులో ఉంచారు. పిల్లలను ముందుగా ఆ నమూనా చుట్టూ నిలబెట్టి, ఏరు ఎటునుంచి ఎటు పారుతున్నదో, కోట ఎక్కడ మొదలవుతున్నదో వ్రేలితో చూపించి, ఆ తరువాత నగరంలోకి తీసుకొనిపోయిన ఉపాధ్యాయునికి సగం శ్రమ తగ్గుతుంది. తాము ఎక్కడ నిలిచి ఉన్నారో ఎరిగిన పిల్లలకు రాళ్లు రాళ్లుగా కనబడవు.

ఊరికి సమీపంలో మాల్యవంతం అనే కొండ ఉన్నది. సీతాన్వేషణకు ముందు వర్షాకాలమంతా రామలక్ష్మణులు విడిది చేసినది ఈ కొండమీదనే అని స్థలపురాణం. కొండమీద రఘునాథాలయం ఉన్నది. తెల్లవారుజామున అక్కడికి ఎక్కితే, తూర్పున ఎరుపు ప్రాకుతుండగా క్రింద అరటితోటలు, బండరాళ్లు, గోపురాలు ఒకదాని వెంట ఒకటి మేల్కొంటున్నట్లుంటాయి. పిల్లలకు ఇక్కడ ఒక మాట చెప్పవచ్చు. దారి మూసుకొనిపోయిన కాలంలో తొందరపడకుండా నిలవడం కూడా ప్రయాణంలో భాగమేనని రామాయణమే చూపుతున్నది.

కమలాపురంలో ప్రభుత్వ పర్యాటకశాఖ వారి హోటలు ఉన్నది. ఆంగ్లేయుల కాలంలో ఇక్కడ దొరలు దిగే బంగళా ఒకటి ఉండేది. అది మొదట బంగళాగా కట్టినది కాదు. ఒక పాత ఆలయాన్నే నివాసంగా మార్చారు. దేవుడు లేని గుడి గనుక దానిలో మనిషి నిద్రిస్తే తప్పేమని ఆనాటి అధికారులు తలచి ఉంటారు. శిథిలాల నడుమ విడిది వెదకేవారికి ఎదురయ్యే అసలు ప్రశ్న ఇదే. పాడుపడిన కట్టడం ఎవరిది? అందులో ఎవరు తలదాచుకోవచ్చును?

విరూపాక్షుని వీధి

ఆ ప్రశ్న బంగళాతో ముగియలేదు. హంపి గ్రామంలో అది వందల కుటుంబాల బ్రతుకు ప్రశ్న అయింది.

విరూపాక్షాలయం విజయనగర రాజ్యానికి ముందు నుంచీ ఉన్నది. రాజ్యం పోయాక కూడా పూజలందుకొంటున్నది. 1510 నాటి కృష్ణదేవరాయల శాసనం ఆ గుడి రంగమండపం ముందు నిలిచి ఉన్నది. గుడిలో ఒక చీకటిగది గోడమీద తూర్పు గోపురం నీడ తలక్రిందులుగా పడుతుంది. సన్నని రంధ్రంగుండా వెలుగు వచ్చినప్పుడు బింబం ఎందుకు తిరగబడుతుందో చెప్పే భౌతికశాస్త్ర పాఠానికి దేశంలో ఇంతకంటె మంచి ప్రయోగశాల దొరకడం కష్టం.

గుడి ఎదుట తూర్పుగా ముప్పాతిక కిలోమీటరు పొడవున నేరుగా సాగిన వీధి ఉన్నది. వీధి చివర మాతంగపర్వతం పాదాన ఏకశిలా నంది. ఇరువైపులా రాతి స్తంభాల మండపాలు, కొన్నిచోట్ల రెండంతస్తులు. ఈ వీధిలో వసారాలు గల అందమైన ఇళ్లున్నాయనీ, గుడికి వచ్చే యాత్రికులు వాటిలో దిగుతారనీ, పెద్దవారు దిగడానికి వేరే ఇళ్లున్నాయనీ, రాజు దర్శనానికి వచ్చినప్పుడు ఉండే భవనం కూడా ఈ వీధిలోనే ఉన్నదనీ పాయెస్ వ్రాసిపెట్టాడు. అంటే ఐదు వందల ఏళ్లనాడే ఇది యాత్రికుల విడిది వీధి.

నగరం పాడుపడిన చాలా కాలానికి ఈ మండపాలలో మళ్లీ కాపురాలు వెలిశాయి. స్తంభాల నడుమ ఇటుక గోడలు లేచాయి. పూజాద్రవ్యాల అంగడి, టీ కొట్టు, భోజనశాల, అద్దె గది వచ్చాయి. దేశదేశాల యాత్రికులు వచ్చేకొద్దీ గదులు పెరిగాయి. గోపురం కనబడే గది, వేడినీళ్లు వచ్చే గది, మేడమీది గది కావాలని వచ్చినవారు అడిగారు, ఊరివారు కట్టారు. కృష్ణరాయలనాటి స్తంభానికి మేకు కొట్టి దోమతెర కట్టుకొన్న యాత్రికుడు తాను చరిత్ర ఒడిలో నిద్రించానని మురిసిపోయి ఉంటాడు.

1999లో యునెస్కో హంపిని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల పట్టికలో చేర్చింది. ఏటిమీద తలపెట్టిన వంతెనలు అందుకు ముఖ్య కారణం. 2002లో కర్ణాటక ప్రభుత్వం హంపి పరిరక్షణకు ప్రత్యేక ప్రాధికార సంస్థను ఏర్పరచే శాసనం చేసింది. 2006లో ఆ ప్రమాద పట్టికనుంచి హంపి పేరు తొలగింది. 2011 జూలై చివర విరూపాక్షుని వీధిలోని ఇళ్లను, అంగళ్లను యంత్రాలతో కూల్చివేశారు. సుమారు మూడు వందల కుటుంబాలు కదలవలసి వచ్చింది. వారికి కొన్ని కిలోమీటర్ల దూరంలో కద్దిరాంపురం వద్ద స్థలాలు చూపారు. నాటినుంచి ఆ మండపాలు స్తంభాలుగా మాత్రమే నిలిచి ఉన్నాయి.

ఇందులో ఎవరిది న్యాయం? పురావస్తు రక్షకులు చెప్పే మాట బలమైనదే. రాతి కట్టడానికి ఇటుక గోడ, మురుగునీరు, వంటపొగ, మేకు అన్నీ శత్రువులే. ఒకసారి చెడిన స్తంభాన్ని మళ్లీ ఎవరూ చెక్కలేరు. ఊరివారి మాట కూడా తేలికైనది కాదు. వీధి పుట్టినదే మనుషులకోసం, యాత్రికులకోసం. దీపం పెట్టేవారు లేకుండా చేసి వీధిని కాపాడామంటే, కాపాడినది వీధిని కాదు, దాని ఎముకలను అని వారి బాధ. పాఠశాలలో వాదప్రతివాద పోటీకి ఇంతకంటె మంచి విషయం ఉండదు. అయితే ఆ వాదంలో ఎప్పుడూ బోనెక్కని మూడవవాడు ఒకడున్నాడు. అతడు యాత్రికుడు. గోపురానికి ఎంత దగ్గరగా గది దొరికితే అంత సంతోషించి, ఆ గది ఏ రాతిమీద నిలిచిందని ఏనాడూ అడగనివాడు అతడే. కట్టినవారి ఇల్లు కూలింది. అడిగినవాడు మరొక ఊరి చరిత్ర చూడబోయాడు.

నేడు గుడికి దగ్గరలో రాత్రి గడపదలచినవారు ఆ ఇంటికి బస ఇచ్చే అనుమతి ఉన్నదా అని మొదట విచారించుకోవాలి. ఉన్నచోట దొరికితే ఆ ఒక్క రాత్రికి వెల కట్టలేము. పగటి జనం వెళ్లిపోయాక హేమకూటం బండలమీద కూర్చుంటే, క్రింద గుడిగంట, దూరాన ఏటి చప్పుడు తప్ప మరేమీ వినబడదు.

ఏరు దాటితే

తుంగభద్రకు ఉత్తరపు ఒడ్డున ఉన్న ఆనెగొంది విజయనగరం కంటె పాతది. అక్కడ ఏరు దాటించే పడవలు బుట్టలవలె గుండ్రంగా ఉంటాయని, లోపల బెత్తు, వెలుపల తోలు అని, పదిహేను ఇరువదిమంది పడతారని పాయెస్ ఆశ్చర్యంతో వ్రాశాడు. తెలుగువారికి అవి కొత్త కావు. కృష్ణా తుంగభద్రల తీరాన పుట్టి ఎక్కనివారు అరుదు.

ఈ వైపు వరిపొలాలు, అరటితోటలు, కొండగుట్టలు. ఏటి నడుమ లంకమీద మాధ్వ యతుల నవబృందావనం ఉన్నది. ఆనెగొంది ఊరిలో పాత పద్ధతి ఇళ్లు కొన్నిటిని పడగొట్టకుండా బాగుచేసి, అతిథులకు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. వచ్చినవారు ఊరి మధ్య ఉంటారు, ఊరి వంట తింటారు. అద్దె ఊరిలో మిగులుతుంది. విడిది ఊరిని తినివేయకుండా ఊరికి అన్నం పెట్టే తీరు ఇది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా అదే ఒడ్డున ఉన్నది. హంపికి నేరుగా ఆవలనున్న విరూపాపుర గడ్డెలో పొలాల నడుమ విశ్రాంతి గృహాలు, భోజనశాలలు వరుసగా లేచాయి. రక్షిత ప్రాంతంలో వాటికి తావు లేదన్న వ్యాజ్యం ఏళ్ల తరబడి నడిచింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వాటి తొలగింపును సమర్థించింది. మరునెలలో వాటిని కూల్చివేశారు. ఆనెగొంది వద్ద కడుతున్న వంతెన 2009 జనవరిలో నిర్మాణంలో ఉండగానే కూలి కొందరు కూలీలు ప్రాణాలు కోల్పోయారు. ఏటికి ఇటూ అటూ యాత్రికుల రాకపోకలు సులువు చేయాలన్న తొందరకు ఆ ఏటి ఒడ్డు చెల్లించిన మూల్యం తక్కువైనది కాదు.

ఉత్తరపు ఒడ్డున దిగేవారు ఒక సంగతి మరువకూడదు. వర్షాకాలంలో ఆనకట్ట తలుపులు ఎత్తితే పుట్టి తిరగదు. ఎదురుగా గోపురం కనబడుతూనే ఉంటుంది. దానిని చేరడానికి మాత్రం చుట్టు తిరిగి చాలా దూరం పోవలసి ఉంటుంది.

ఎంచుకొనే తీరు

చిన్న తరగతుల పిల్లలతో పోయేవారికి కమలాపురం మేలు. కాలినడక దూరంలో రాజావరణ, ఉదయానికి కొండ, మధ్యాహ్నపు ఎండలో ప్రదర్శనశాల నీడ దొరుకుతాయి. ముసలివారితో, పెద్ద బృందంతో, రైలు వేళలకు కట్టుబడి పోయేవారికి హొసపేట తగినది. నడవగల విద్యార్థులు ఇద్దరు ముగ్గురైతే ఆనెగొంది వంటి చోట రెండు రాత్రులు గడపడం మంచిది. ఎక్కడైనా ఒక్క రాత్రి చాలదు. మొదటి రాత్రి అలసట తీరుతుంది. రెండవ రాత్రికిగాని ఊరు మనిషిని గుర్తించదు. కార్తికం మొదలు మాఘం దాకా ఎండ ఓర్చుకోదగినదిగా ఉంటుంది. చైత్రమాసంలో విరూపాక్షుని రథోత్సవానికి పోదలచినవారు ముందుగానే బస కుదుర్చుకోవాలి.

ఎక్కడ దిగినా గృహస్థుని అడగవలసిన ప్రశ్నలు మూడు ఉన్నాయి. ఈ ఇల్లు నిలిచిన నేల రక్షిత స్థలమా? ఇక్కడి మురుగునీరు, చెత్త ఎటు పోతున్నాయి? వంటచేసేవారు, గది ఊడ్చేవారు ఈ ఊరివారేనా? ఈ మూడింటికీ తడబడకుండా జవాబు చెప్పగల ఇంట్లో అద్దె నాలుగు రూపాయలు ఎక్కువైనా అది ఎక్కువ కాదు. పిల్లల ఎదుటనే ఈ ప్రశ్నలు అడిగిన ఉపాధ్యాయుడు పాఠ్యపుస్తకంలో లేని పౌరధర్మాన్ని ఒక నిమిషంలో బోధించినవాడవుతాడు.

విడిది ఘనమైనదిగా ఉండనక్కరలేదని ఆ నగరాన్ని ఏలిన రాజే తన కావ్యంలో చూపించాడు. ఆముక్తమాల్యదలో మధుర నగరానికి ఉత్సవం చూడవచ్చిన బ్రాహ్మణుడొకడు వైగైలో స్నానం చేసి, పురోహితుని ఇంట భోజనం చేసి, రాత్రి ఆ ఇంటి అరుగుమీద పడుకొంటాడు. నిద్ర పట్టేదాకా నీతిపద్యాలు చదువుకొంటాడు. వానకాలానికి ముందే, రాత్రికి పగలే, ముసలితనానికి వయసులోనే, పరలోకానికి ఇక్కడే ఏర్పాటు చేసుకోవాలన్న పద్యం వీధివెంట పోతున్న మత్స్యధ్వజ మహారాజు చెవిని పడుతుంది. రాజు వేశ్యాగృహానికి పోతున్నవాడు. ఆ మాటతో అతని బుద్ధి మారిపోతుంది.

ఆ పాంథుడు ఆ రాత్రి ఊరి వెలుపల ఎక్కడో దిగి ఉంటే ఆ పద్యం రాజు చెవిని పడేది కాదు. అతడు పడుకొన్నది అరుగుమీదనే. అయినా అది ఊరి నడుమనున్న అరుగు, ఒక గృహస్థు ఆదరించి ఇచ్చిన అరుగు. తెల్లవారి లేచిపోయేటప్పుడు దానిమీద అతడు మేకు కూడా కొట్టి పోలేదు.